విసుగెత్తిన బుజ్జాయిలు, ఇంట్లో డేకేర్: బొమ్మలు పెంచకుండా ఆట పెంచడం ఎలా

ఉదయం పదకొండు గంటలు. హాలు నిండా బొమ్మలు. ఒకడు బ్లాకుల బుట్ట బోర్లించి, వాటి వంక చూడకుండా వెళ్ళిపోయాడు. ఇంకొకడు సోఫా ఎక్కి దిగి, ఎక్కి దిగి, చివరికి పక్కవాడి జుట్టు పట్టుకున్నాడు. ఒక పాప నా చీర కుచ్చిళ్ళు వదలకుండా నస పెడుతోంది. డేకేర్ మొదలుపెట్టిన కొత్తల్లో రోజూ ఈ టైముకి నాకు టెన్షన్ పట్టుకునేది. అటక మీంచి ఇంకో బొమ్మ తీసేదాన్ని. రెండు నిమిషాలు. ఇంకోటి తీసేదాన్ని. అదీ అంతే. ఆఖరికి టీవీ పెట్టేసి, లోపల్లోపల సిగ్గుపడేదాన్ని.

డేకేర్ అంటే పెద్ద స్థలమేమీ కాదు. హైదరాబాద్‌లో ఒక అపార్టుమెంటు కింది అంతస్తు, రెండు బెడ్‌రూముల ఇల్లు. ఏడాదిన్నర దాటి మూడేళ్ళ లోపు పిల్లలు ఆరుగురు, నేను, ఒక ఆయమ్మ. పిల్లలందరికీ నేను అమ్మమ్మనే. కింద రాసింది ఈ వయసు పిల్లల సంగతే. నాలుగేళ్ళు వచ్చాక వాళ్ళ ఆటలూ వేరు, విసుగూ వేరు.

నాకు తెలిసొచ్చిన ముఖ్యమైన సంగతి ముందే చెప్పేస్తాను. ఈ వయసు పిల్లలకి విసుగొచ్చిందంటే బొమ్మలు తక్కువై కాదు. ఎక్కువై, లేదా మధ్యలో మనం వేలు పెట్టడం ఎక్కువై.

1. అది విసుగేనా, ఇంకేదైనానా?

రెండేళ్ళ పిల్లకి "నాకు నిద్రొస్తోంది" అని చెప్పడం రాదు. బ్లాకులు విసిరి చెబుతుంది. అందుకే ఆట గురించి ఆలోచించే ముందు నేను నాలుగు విషయాలు చూస్తాను.

నిద్ర సరిపోయిందా? ఏడాది నుంచి రెండేళ్ళ వయసువాళ్ళకి పగటి కునుకుతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల్లో ఉంది. అమ్మానాన్నలు రాత్రి పదింటికి ఆఫీసు కాల్స్ ముగించే ఇళ్ళలో పిల్లలు పదకొండుకి పడుకుని పొద్దున్నే ఏడింటికి లేస్తారు. అంటే ఎనిమిది గంటలే. ఆ లోటు పదకొండింటికల్లా బయటపడుతుంది. అలాంటి రోజు ఆటలు మానేసి, అన్నం అరగంట ముందు పెట్టి పడుకోబెట్టేస్తాను. పొద్దున వదిలి వెళ్ళేటప్పుడే "రాత్రి ఎన్నింటికి పడుకున్నాడు? పొద్దున ఏం తిన్నాడు?" అని అడిగి గోడ మీద పలక మీద రాసుకుంటాను. ఈ రెండు ప్రశ్నలతో సగం పేచీలు ముందే తెలిసిపోతాయి.

తర్వాత ఆకలి, డైపరు, పళ్ళు. దవడ పళ్ళు వచ్చే వయసిది. చొంగ కారుస్తూ అన్నీ కొరుకుతుంటే చల్లటి తడి గుడ్డ నమలడానికి ఇవ్వండి.

మూడోది కదలిక. పొద్దున్నుంచి ఆ పిల్లవాడు ఒక్కసారైనా పరిగెత్తాడా? అదే మార్గదర్శకాల ప్రకారం ఈ వయసువాళ్ళకి రోజంతా కలిపి 180 నిమిషాల కదలిక కావాలి. ఫ్లాట్లలో అదే దొరకదు.

నాలుగోది బెంగ. చేరి వారం కూడా కాని పిల్ల ఆడకపోతే అది విసుగు కాదు. అమ్మ చున్నీ ఒకటి అడిగి తీసుకుని పిల్ల దగ్గర ఉంచండి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని మిగతావాళ్ళ ఆట చూడనివ్వండి. చూడటం కూడా ఈ వయసులో పనే.

ఈ నాలుగూ కాదని తేలితే అప్పుడు ఆట సంగతి.

2. బొమ్మల్లో మూడొంతులు తీసేయండి

అమెరికాలో టొలీడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళ లోపు 36 మంది పిల్లల్ని ఒకసారి నాలుగు బొమ్మలున్న గదిలో, ఒకసారి పదహారు బొమ్మలున్న గదిలో ఆడనిచ్చారు. నాలుగే ఉన్నప్పుడు పిల్లలు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. ఇది చదవకముందే మా ఇంట్లో నీళ్ళ మోటారు చెడి, హాల్లో సామాన్లన్నీ ఒక గదిలో కుక్కి తలుపేసిన రోజున నేను కళ్ళారా చూశాను. ఆ రోజు హాల్లో మిగిలింది ఒక చాప, రెండు దిండ్లు, ఒక ఖాళీ అట్టపెట్టె. మధ్యాహ్నం దాకా ఎవరూ ఏడవలేదు.

చేయడం ఇలా. ఒక ఆదివారం బొమ్మలన్నీ నేల మీద పోయండి. విరిగినవి, సగం ముక్కలు పోయినవి తీసేయండి. మీట నొక్కితే పాట పాడి, లైట్లు తిప్పి, తనంతట తానే ఆడుకునే బ్యాటరీ బొమ్మలు పక్కన పెట్టండి. అక్కడ ఆడుతున్నది బొమ్మ, పిల్ల కాదు. మిగిలినవాటిని నాలుగు సంచుల్లో సర్దండి. ప్రతి సంచిలో కట్టడానికి ఏదో ఒకటి, నడిపేది ఒకటి, నింపి ఒంపేది ఒకటి, ఒక బొమ్మపాప లేదా జంతువులు, రెండు మూడు అట్ట పుస్తకాలు ఉండాలి. ఒక్క సంచే బయట. మిగతా మూడూ అటక మీద. వారానికోసారి మార్చండి. మూడు వారాల తర్వాత దిగిన సంచి పిల్లలకి కొత్త సామానే.

ఒక మెలిక ఉంది. రకాలు తక్కువ, జతలు ఎక్కువ ఉండాలి. ఆరుగురికి ఆరు రకాల కార్లు కొంటే ఎర్రకారు కోసమే అందరూ కొట్టుకుంటారు. ఒకే రకం, ఒకే రంగు మూడు కొనండి. ఖరీదైన ఒక్క బొమ్మ కంటే ఇరవై రూపాయల ప్లాస్టిక్ చెంబులు ఆరు మేలు.

బుట్టలో పోగు పోయకండి. అడుగున పడింది పిల్లకి కనబడదు, బుట్ట బోర్లిస్తేనే దొరుకుతుంది, అందుకే బోర్లిస్తారు. తక్కువ ఎత్తు అర మీద, ఒకదానికొకటి ఎడంగా పెట్టండి.

3. ఇవ్వబోయే ముందు: గొంతులో పడేవి, ప్రాణం తీసేవి

కింద ఇంట్లో సామాన్లతో ఆడించమనే చెప్పబోతున్నాను కాబట్టి ఇది ముందే.

టాయిలెట్ పేపరు చుట్టకి లోపల ఉండే అట్ట గొట్టం ఒకటి దాచుకోండి. ఆ గొట్టంలోంచి కిందకి పడిపోయే వస్తువు ఏదైనా సరే, మూడేళ్ళ లోపు పిల్లల చేతికి ఇవ్వకండి. శనగలు, వేరుశనగలు, చింతగింజలు, గోలీలు, బొత్తాలు అన్నీ ఇందులో పడతాయి. బెలూన్లు వద్దేవద్దు, పగిలిన ముక్క గొంతుకి అతుక్కుంటుంది. గురివింద గింజలు చూడముచ్చటగా ఉంటాయి కానీ కొరికితే విషం. రిమోట్లలో, ఆటబొమ్మల్లో ఉండే బిళ్ళ బ్యాటరీ మింగితే కొద్ది గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేస్తుంది. అనుమానం వచ్చినా సరే నేరుగా ఆసుపత్రికే.

బాత్‌రూములో నీళ్ళతో బకెట్ ఉంచకండి. రెండంగుళాల నీళ్ళున్నా తలకిందులుగా పడ్డ పిల్ల లేవలేదు. బాల్కనీ గ్రిల్ పక్కన కుర్చీ, పీట, పూలకుండీ ఏదీ వద్దు, ఎక్కుతారు.

కొనే బొమ్మలైతే ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి నుంచి మన దేశంలో అది తప్పనిసరి, చేతివృత్తుల వాళ్ళకి మినహాయింపు ఉంది. ఆ చేతిబొమ్మల్లో నాకు ఏటికొప్పాకవి ఇష్టం. అంకుడు కర్ర, లక్క, మొక్కల రంగులు, గుండ్రటి అంచులు. లక్కపిడతల సెట్టు మటుకు మూడేళ్ళు దాటాకే, అందులో గిన్నెలు మరీ చిన్నవి. కొండపల్లి బొమ్మలు అల్మారాలో చూడటానికే. ఆ పొనికి కర్ర తేలిక, రెండేళ్ళవాడి చేతిలో ఏనుగుకి తొండం మిగలదు.

4. పిల్ల ఏం చేస్తోందో చూసి, దానికి తగ్గ సామాను పెట్టండి

అసలు పని ఇక్కడే ఉంది. పిల్లలు "పాడు చేస్తున్నారు" అని మనం అనుకునే పనుల్లో ఒక వరస ఉంటుంది. ఒక్కో పిల్లకి కొన్ని వారాలపాటు ఒక్కో పని పట్టుకుంటుంది. ఒకడికి విసరడం, ఒకత్తెకి మోయడం, ఇంకొకడికి దాచడం. బ్రిటన్‌లో క్రిస్ ఏథీ అనే విద్యావేత్త చిన్నపిల్లల్లో ఇలా పదేపదే కనబడే తీరుల్ని పరిశీలించి రాసింది. పేర్లు మనకి అక్కర్లేదు. ఒక కాగితం తీసుకుని, పది నిమిషాలు గోడకి ఆనుకుని కూర్చుని, ఒక్క పిల్లనే చూడండి. చేతులు ఏం చేస్తున్నాయో రాయండి. నాలుగు రోజులు చూస్తే తెలిసిపోతుంది.

*విసిరేవాడు.* వద్దంటే ఆగడు, ఎందుకంటే వాడు చూస్తున్నది వస్తువు ఎటు వెళ్ళి ఎలా పడుతుందో. పాత సాక్సులు ఉండలు చుట్టి పదిహేను ఇవ్వండి, గోడ దగ్గర బట్టల బుట్ట పెట్టండి. "ఇవి విసురుకో, బ్లాకులు విసరకూడదు" అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. ప్లంబర్ దగ్గర మిగిలిపోయిన నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క ఒకటి, మీటరు పొడవుది, అడిగి తెచ్చుకోండి. అంచులు గరుకు కాగితంతో రుద్ది, ఒక చివర సోఫా మీద, ఒక చివర నేల మీద ఉండేలా గట్టిగా కట్టండి. పై నుంచి టెన్నిస్ బంతి వదిలితే కింద నుంచి వస్తుంది. నాకు తెలిసి ఇంతకంటే చవకైన, ఇంతకంటే ఎక్కువసేపు నడిచే ఆట లేదు. ఏడాది ఎనిమిది నెలల బాబొకడు ఒక మధ్యాహ్నమంతా దాని దగ్గరే గడిపాడు. బంతి లోపలికి వెళ్ళగానే పరిగెత్తుకెళ్ళి కింద చివర కూర్చునేవాడు, ఒక్కోసారి బంతి వాడికంటే ముందే వచ్చేసేది, అప్పుడు వాడి మొహం చూడాలి.

*మోసేది.* సామాన్లన్నీ ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరవేస్తూ ఉంటుంది. పెళ్ళిళ్ళలో ఇచ్చే తాంబూలం సంచులు ప్రతి ఇంట్లో డజను పడి ఉంటాయి, అవే ఇవ్వండి. అరలీటరు నీళ్ళ సీసాలు నింపి, మూత గట్టిగా బిగించి, టేపు చుట్టి నాలుగైదు ఇవ్వండి. కొంచెం బరువుంటేనే బాగా కుదురుకుంటారు. వంటింటి నుంచి హాలుకి ఉల్లిపాయలు చేరవేయడం మా ఇంట్లో పెద్ద ఉద్యోగం.

*దాచేవాడు, చుట్టేది.* మీ తాళాలు కుక్కర్లో దొరుకుతున్నాయంటే మీ ఇంట్లో ఒకడున్నట్టే. చున్నీలు, తువ్వాళ్ళు, మూతలున్న డబ్బాలు, జిప్పులున్న పాత హ్యాండ్‌బ్యాగులు. డైనింగ్ టేబుల్ మీద దుప్పటి కప్పితే ఇల్లు. తడి తుడుపు కాగితాల ఖాళీ డబ్బాలో బ్లౌజు గుడ్డ ముక్కలు ఒకదానికొకటి ముడేసి కుక్కి, కొస బయటికి వదలండి. లాగడం, మళ్ళీ కుక్కడం. పొడుగు ఒక మూర మించనివ్వకండి, మెడకి చుట్టుకోకుండా.

*తిప్పేవాడు.* మూతలు తిరగేవి, చక్రాలు, బొంగరంలా తిరిగే గిన్నెలు. వెడల్పు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు నాలుగు, ఒక్కొక్క దాంట్లో వేర్వేరు చప్పుడు చేసే పెద్ద వస్తువు వేసి బిగించి ఇవ్వండి.

*ఎక్కేవాడు.* కిటికీ ఎక్కకముందే మీరే ఎక్కడానికి ఒకటి పెట్టండి. పరుపు నేల మీద వేసి, కింద దిండ్లు దోపితే గుట్ట. రెండు పీటలు, మధ్యలో వెడల్పు బల్లచెక్క, నేల నుంచి జానెడు ఎత్తు. మీ చెయ్యి దగ్గర్లో ఉండాలి, పట్టుకుని ఉండకూడదు.

ఒక పిల్లకి రెండు మూడు తీరులు కలిసి ఉంటాయి. అవి మారిపోతుంటాయి కూడా. పోయిన నెల దాకా పైపు దగ్గర నుంచి కదలనివాడు ఈ నెల దాన్ని చూడకపోతే పైపు తీసి దాచేయండి, కాగితం మళ్ళీ పట్టుకోండి.

5. వంటింటి బుట్ట: నలభై నిమిషాల మౌనం

ఎలినార్ గోల్డ్‌ష్మీడ్ అనే బ్రిటిష్ విద్యావేత్త కూర్చోగల పసివాళ్ళకి "నిధి బుట్ట", నడిచే పిల్లలకి మామూలు ఇంటి వస్తువులతో ఆట సూచించింది. మన వంటిల్లు అలాంటి వస్తువుల గని. నేను వారానికి రెండుసార్లు, ఉదయం ఫలహారం అయ్యాక పదిన్నరకి పెడతాను.

కావలసినవి: స్టీలు గ్లాసులు పది, రకరకాల సైజుల మూతలు, చెక్క గరిటెలు, అట్లకాడలు, టీ వడపోసే ప్లాస్టిక్ జాలీలు, గరాట్లు, కొబ్బరి చిప్పలు (పీచు గీరి నున్నగా రుద్దినవి), లోహపు గాజులు ఇరవై, నిలబెట్టిన చపాతీ కర్రలు రెండు, ఊలు ఉండలు, అట్ట గొట్టాలు. గాజుల్లో మట్టిగాజు ఒక్కటి కూడా ఉండకుండా చూసుకోండి. ప్రతి రకం కనీసం ముగ్గురికి సరిపడా ఉండాలి.

ముందు హాల్లోంచి మామూలు బొమ్మలన్నీ తీసేయండి. సామాన్లను మూడు నాలుగు చోట్ల చిన్న కుప్పలుగా పెట్టండి. పిల్లల్ని లోపలికి రానివ్వండి. తర్వాత కుర్చీలో కూర్చుని నోరు మూసుకోండి. ఇదే కష్టం. "చూడు, ఇది ఇలా వెయ్యాలి" అనకండి. "భలే!" అని కూడా అనకండి, అన్న మరుక్షణం పిల్ల తల తిప్పి మీ వైపు చూస్తుంది, చేతిలో పని ఆగిపోతుంది. దెబ్బలాట వస్తేనో, నోట్లో ఏదైనా పెట్టుకుంటేనో లేవండి.

మొదటి ఐదు నిమిషాలు చప్పుడు భరించలేం. పైవాళ్ళు ఒకసారి వచ్చి అడిగారు కూడా, మిక్సీ చెడిందా అని. పదో నిమిషానికి సద్దుమణుగుతుంది. ఒకరు గాజులు కర్రకి తొడుగుతుంటారు, ఒకరు గ్లాసులో గ్లాసు పెడుతుంటారు. మా ఆయమ్మ మొదట్లో ఊరుకోలేకపోయేది. "అమ్మా, వాడికి మూత పట్టట్లేదు, చూపించనా?" "వద్దమ్మా, ఉండు." ఆ మూత పట్టడానికి పదకొండు సార్లు పట్టింది. పన్నెండోసారి వాడే మూత తీసేసి మళ్ళీ మొదలుపెట్టాడు.

చివరి పది నిమిషాలు సర్దుడు. ఇది ఆటలో భాగమే. ఒక్కో రకానికి ఒక సంచి పట్టుకుని "గ్లాసులన్నీ ఇందులోకి" అంటే పరిగెత్తి తెస్తారు.

6. నీళ్ళు, పిండి, ఇసుక

నీళ్ళాట ఎప్పుడూ ఓడిపోదు. ఒక్కొక్కరికి ఒక వెడల్పు పళ్ళెం లేదా బేసిన్, అందులో రెండు వేళ్ళ లోతు నీళ్ళు, ఒక కప్పు, ఒక గరాటు, ఒక స్పాంజి. అంతే. కింద పాత దుప్పటి పరవండి, జారకుండా. ఒకే పెద్ద టబ్బు చుట్టూ అందరినీ పెట్టకండి, గొడవా ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువ. ఆట అయిన వెంటనే నీళ్ళు మొక్కలకి పోసేయండి. నీళ్ళాట జరుగుతున్నంతసేపూ పెద్దవాళ్ళొకరు చూపు తిప్పకూడదు, ఫోను మోగినా సరే. జలుబు ఉన్నవాళ్ళకీ, చలికాలానికీ ఇంకోటి: రంగులు వేసే వెడల్పు కుంచె, కప్పులో కాసిని నీళ్ళు ఇచ్చి బాల్కనీ గోడకి "పెయింటు" వేయమనండి. ఎండకి ఆరిపోతుంది, మళ్ళీ వేస్తారు.

పిండికి నా కొలత: గోధుమపిండి రెండు కప్పులు, నూనె ఒక చెంచా, నీళ్ళు ముప్పావు కప్పు అటూ ఇటూ. చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా కలపండి. ఒక్కొక్కరికి నారింజకాయంత ముద్ద. చాలాచోట్ల ఎక్కువ ఉప్పు వేసి నిలవ ఉండేలా చేయమంటారు. ఈ వయసువాళ్ళు తింటారు, అంత ఉప్పు కడుపులోకి వెళితే ప్రమాదం, కాబట్టి నేను వేయను, ఏ రోజుది ఆ రోజు పారేస్తాను. రంగుకి బీట్‌రూట్ రసం, పాలకూర రసం. పసుపు వద్దు, పిల్లకేం కాదు గానీ గౌనుకి అంటిన మరక గురించి వాళ్ళమ్మకి మీరే చెప్పుకోవాలి. గోధుమ పడని పిల్లలుంటే బియ్యప్పిండి వేడినీళ్ళతో కలిపి, బాగా చల్లారాక ఇవ్వండి.

ఇసుక విషయంలో మా అత్తగారితో నాకు చిన్న గొడవయింది. నేను మొదట బియ్యం పోశాను పళ్ళెంలో. "అన్నం తొక్కిస్తావా?" అని ఆవిడ మండిపడింది. ఆలోచిస్తే ఆవిడదే సబబు అనిపించింది. అందులోనూ బియ్యపు గింజలు ముక్కుల్లోకి, చెవుల్లోకి వెళతాయి. ఇప్పుడు నది ఇసుక జల్లెడ పట్టి, నాలుగు నీళ్ళు కడిగి, ఎండలో ఆరబెట్టి వాడుతున్నాను. కొంచెం తడిపితే దుమ్ము లేవదు. బజారులో రంగురంగుల ముగ్గుపిండి మటుకు ముట్టుకోనివ్వకండి, అది రాతిపొడి.

7. నిజం పని చెప్పండి

బొమ్మ చీపురు ఇస్తే రెండు నిమిషాలు. నిజం చీపురు, పొట్టిది ఇస్తే అరగంట. కరివేపాకు రెబ్బ నుంచి ఆకులు దూయడం, తోటకూర తుంచడం, చెంచాలు ఒక గిన్నెలో గరిటెలు ఒక గిన్నెలో వేయడం, తడిగుడ్డతో పీట తుడవడం, ఆరిన చిన్న రుమాళ్ళు మడతపెట్టడం (మడత అంటే ఉండ చుట్టడం, సరిదిద్దకండి). పిల్లల చేతికి నిజమైన పని ఇవ్వాలని గట్టిగా చెప్పిన మారియా మాంటిస్సోరీ 1939లో మద్రాసు అడయారు వచ్చి, యుద్ధం కారణంగా 1946 దాకా మన దేశంలోనే ఉండి ఎంతోమంది టీచర్లకి శిక్షణ ఇచ్చింది. ఆవిడ పేరుతో ఇప్పుడు నెలకి వేలు తీసుకునే బడులున్నాయి. తోటకూర కట్ట పదిహేను రూపాయలు.

8. దెబ్బలాటలు, కొరకడాలు

పిల్లల ఆటలో మెట్లుంటాయని మిల్‌డ్రెడ్ పార్టెన్ 1932లోనే రాసింది. ఒంటరిగా ఆడటం, ఇతరుల్ని చూడటం, పక్కపక్కనే ఎవరి ఆట వాళ్ళు ఆడటం, ఆ తర్వాతే కలిసి ఆడటం. మన దగ్గరున్నవాళ్ళు ఎక్కువమంది ఆ పక్కపక్కన మెట్టు దగ్గరే ఉంటారు. "తమ్ముడికి ఇవ్వు నాన్నా, మంచివాడివి కదా" అని లాక్కుని ఇస్తే ఇద్దరికీ ఆట పోతుంది. అందుకే జతలు కొనమన్నాను. ఒక్కటే ఉంటే "వాడిదయ్యాక నీకు" అని చెప్పి, ఎదురుచూసేవాడి పక్కన కూర్చోండి. ఆ రెండు నిమిషాలు ఒంటరిగా గడపమంటే వాడివల్ల కాదు.

కొరికితే ముందు దెబ్బ తగిలిన పిల్లని ఎత్తుకోండి. కొరికినవాడితో చిన్న మాట, "కొరకకూడదు, నొప్పి." ఆ తర్వాత టైము రాసుకోండి. మా దగ్గర కొరికిన సంఘటనల్లో చాలామటుకు మధ్యాహ్నం భోజనానికి ముందు, ఇరుకు మూలలో జరిగాయి. సోఫా జరిపాము, తగ్గాయి.

9. రోజుకి ఒక వరస

ఆట కంటే ఆట మారే సమయంలోనే గోల ఎక్కువ. కాబట్టి గడియారం కంటే క్రమం ముఖ్యం. మాది ఇలా: రాగానే కాసేపు ఒళ్ళో, తర్వాత మెట్ల దగ్గరో పార్కింగులోనో పరుగులు, ఫలహారం, పెద్ద ఆట (బుట్ట, పిండి, నీళ్ళలో ఏదో ఒకటి), సర్దుడు, భోజనం, నిద్ర, లేచాక పండు, చిన్న సంచి ఆటలు, పాటలు, ఇళ్ళకి. మార్చే ప్రతిసారీ ఒకే గుర్తు ఉండాలి. నేను చిన్న గంట మోగిస్తాను. నిద్రకి ముందు అందరినీ కాళ్ళు చాపి వరసగా కూర్చోబెట్టి, ఒక్కో కాలూ ముట్టుకుంటూ కాళ్ళాగజ్జె ఆడిస్తాను. మన అమ్మమ్మలు ఊరికే కనిపెట్టలేదు దాన్ని. వంతు ఆగడం, ఒళ్ళు తెలియడం, నెమ్మదించడం అన్నీ అందులోనే ఉన్నాయి.

వానాకాలం బయటికి వెళ్ళలేని రోజున నేల మీద కాగితపు టేపుతో ఒక గీత గీయండి, వంకరగా, హాలు నుంచి గదిలోకి. దాని మీద నడవాలి, పాకాలి, ఏనుగులా నడవాలి. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోతే తడి తువ్వాలు, ఖాళీ అట్టపెట్టె, ఒక టార్చి.

10. టీవీ, ఫోను

రెండేళ్ళ లోపు పిల్లలకి స్క్రీను వద్దనీ, ఆపైన ఐదేళ్ళ దాకా గంటకు మించకూడదనీ భారత శిశువైద్యుల సంఘం 2021లో చెప్పింది. నాకు వైద్యం తెలియదు గానీ ఒకటి గమనించాను: టీవీ కట్టేసిన తర్వాతి అరగంట రోజులో అన్నిటికంటే అధ్వాన్నం. ఏ ఆటలోనూ కుదురుకోరు. అంటే ఆ ముప్పై నిమిషాల ప్రశాంతతకి ముప్పై నిమిషాల వడ్డీ.

ఫోను చూస్తే తప్ప తినని పిల్ల చేరితే మొదటి రోజే యుద్ధం పెట్టుకోకండి. ముందు మిగతా పిల్లల మధ్య కూర్చోబెట్టి చేతికి ఒక చెంచా, పళ్ళెంలో రెండు ముద్దలు. తక్కువ తింటుంది, ఆ సంగతి సాయంత్రం అమ్మకి దాచకుండా చెప్పండి. మా అనుభవంలో వారం పది రోజులు పడుతుంది.

11. అమ్మానాన్నలతో

"ఈ రోజు ఏం నేర్పారు?" అని అడుగుతారు. ఏబీసీడీలు అనాలని వాళ్ళ ఆశ. "రెండు గ్లాసులకి ఒక్కో మూత సరిపెట్టింది, గరాటులోంచి నీళ్ళు సీసాలోకి పోసింది" అని ఉన్నదున్నట్టు చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2024లో మూడేళ్ళ లోపు పిల్లల కోసం తెచ్చిన నవచేతన అనే చట్రంలో కూడా ఉన్నవి ఇలాంటి ఆటపాటలే, అక్షరాలు దిద్దించడం కాదు. గట్టిగా అడిగేవాళ్ళకి ఆ పేరు పనికొస్తుంది.

వాట్సాప్‌లో ఫొటోలు పెట్టమంటారు. ఆట మధ్యలో ఫోను తీస్తే ఆట పోతుంది. సర్దుడు సమయంలో ఒకటి తీసి పంపితే చాలు.

12. ఏదీ పనిచేయని రోజు

ఉంటుంది. సాయంత్రం నాలుగున్నర నుంచి ఐదున్నర మధ్య, అందరూ అలిసిపోయి, ఎవరి అమ్మా ఇంకా రాకముందు. పిండి పెట్టినా విసిరేస్తారు, నీళ్ళు పెట్టినా ఒలకబోస్తారు. అప్పుడు కొత్త ఆట ఏదీ మొదలుపెట్టకండి. నేను దుప్పటి పరిచి కూర్చుంటాను. ఎవరికి కావాలంటే వాళ్ళు ఒళ్ళోకి వస్తారు. కాసిని అరటిపండు ముక్కలు. అదీ కుదరకపోతే చెయ్యి చెయ్యి పట్టుకుని గేటు దాకా, వాచ్‌మన్ బెంచీ మీద వరసగా. మా వీధిలో ఆ టైముకి నీళ్ళ ట్యాంకరు వస్తుంది. గొట్టం దింపడం, నీళ్ళు సంపులోకి పడే చప్పుడు, డ్రైవరు గొట్టం మళ్ళీ చుట్టడం. ఇరవై నిమిషాలు ఒక్కరూ కదలరు. ట్యాంకరు రాని రోజు పక్క స్థలంలో జేసీబీ ఉంటుంది.